ఎవరో పెట్టిన వెర్షన్

కార్తీకమాసంలో ఒక శనివారం పొద్దున, మార్కాపురంలో పలకలు పెట్టెలకెత్తే షెడ్డు మీది గదిలో ముగ్గురు కూర్చుని, ఇంకా పుట్టని వెబ్‌సైటు గురించి వాదించుకుంటున్నారు.

ముగ్గురిలోకీ చిన్నది భాగ్య. తర్లుపాడు మండలంలో ఒక పల్లె ఆమెది. ఇంటిల్లిపాదీ జీవాలు కాసేవాళ్లే. ఆమె ఒక్కతే పాలిటెక్నిక్ దాకా చదివి, ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకుంది. రెండోవాడు దేవరాజు, పాలిటెక్నిక్‌లో ఆమె క్లాస్‌మేటు. బెంగళూరు కంపెనీకి ఇక్కడినుంచే పని చేస్తున్నాడు. గది అతని మేనమామది. మూడో మనిషి ప్రభుదాస్ సారు. వాళ్లిద్దరికీ కంప్యూటరు పాఠాలు చెప్పిన మనిషి, రిటైరై మూడేళ్లయింది.

బ్రౌజరుకు తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లను యాడ్-ఆన్‌లంటారు. బ్రౌజరు కంపెనీ నెట్‌లో నడిపే స్టోరులో నుంచి వాటిని దించుకుంటారు. భాగ్య రాసిన యాడ్-ఆన్ పేరు సరికొలత. ఉద్యోగాల దరఖాస్తులకు ఫోటో ఇంత సైజుకు మించకూడదు, సంతకం ఇంతకు మించకూడదు అంటూ ఒక్కో సైటుకు ఒక్కో కొలత ఉంటుంది. కొలత తప్పితే దరఖాస్తు వెనక్కి కొడుతుంది. మేనత్త కూతురి దరఖాస్తు అట్లా మూడుసార్లు వెనక్కి వచ్చిన కోపంలో భాగ్య దీన్ని రాసింది. ఒక్క నొక్కుతో ఫోటో ఆ సైటు కోరిన కొలతకు దిగుతుంది. ఆ నోటా ఈ నోటా పాకి గిద్దలూరు, కనిగిరి, దోర్నాల దాకా నెట్ సెంటర్ల వాళ్లందరూ దాన్నే వాడుతున్నారు. నిన్నటికి మూడు వందల నలభై సెంటర్లు.

అది రాయడానికి ఆమె ఏడాదిన్నర అవస్థపడింది. తెలిసినవాళ్లు లేరు, చదవబోతే అంతా ఇంగ్లీషు, అదీ సగం పాతబడిపోయింది. తన తర్వాత వచ్చేవాళ్లకు ఆ అవస్థ ఉండకూడదని ముగ్గురూ పూనుకున్నారు. యాడ్-ఆన్‌లు రాసేవాళ్లకు కావలసినదంతా తెలుగులో ఒకచోట పెట్టాలని వాళ్ల తలపు. రాష్ట్రం నలుమూలల నుంచీ పదకొండు మంది డెవలపర్లు తలా ఒక పాఠం రాస్తామని ఒప్పుకున్నారు. సోమవారం నాడు సంగతి బయటికి చెప్పాలని అనుకున్నారు.

గోడకు ఆనించిన పెద్ద పలక మీద సారు సుద్దముక్కతో పేజీల పేర్లు రాస్తున్నాడు. మొదటి అడుగులు. ఏ అనుమతి ఎందుకు అడగాలి. స్టోరు వాళ్లు వెనక్కి పంపితే ఏం చేయాలి. దేవరాజు నమూనా ప్రోగ్రాములు ముందుండాలంటాడు, సారు కాదంటాడు. ఆ వాదన తెగకముందే సారు కింద ఇంకో పేరు రాశాడు. మోసాలు.

ఈమధ్య డెవలపర్లకు దొంగ మెయిళ్లు వస్తున్నాయని ఆయన చెప్పుకొచ్చాడు. స్టోరు వాళ్లు పంపినట్టే ఉంటుంది. మీ యాడ్-ఆన్ నియమాలు తప్పింది, ఇరవైనాలుగు గంటల్లో తీసేస్తున్నాం, వివరాలకు ఇక్కడ నొక్కండి అంటుంది. నొక్కితే తెరుచుకునే పేజీ దొంగ పేజీ కూడా కాదట, అసలైనదే. అందులో ‘అనుమతించు’ అని ఉంటుంది.

“అది నొక్కినామా, మన ఇంటి తాళంచెవి మనమే తీసి వాని చేతిలో పెట్టినట్టు. పాస్‌వర్డు కూడా అడగడు. మన పేరు మీద మన యాడ్-ఆన్‌లో వానికి కావాల్సింది పెట్టుకుంటాడు” అన్నాడు సారు.

నోట్సు రాసుకుంటున్న భాగ్య చేయి ఆగిపోయింది.

మొన్న గురువారం సాయంత్రం సంగతి గుర్తొచ్చింది. తర్లుపాడు బస్సులో నిలబడే చోటు కూడా సరిగ్గా లేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోను చూసింది. సరికొలతను తీసేస్తామని మెయిలు. సోమవారం సైటు గురించి చెప్పబోతూ, ఉన్న ఒక్క యాడ్-ఆన్ పోతే ఎట్లా అనుకుంది. నొక్కింది. ఏదో పేజీ వచ్చింది. అదీ నొక్కింది. ఆ తర్వాత మళ్లీ ఏ మెయిలూ రాలేదు. గండం గడిచిందనుకుని మరిచిపోయింది.

నీళ్లు తాగి వస్తానని చెప్పి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్ల మీదికి వచ్చింది. కింద షెడ్డులో పెట్టెలకు మేకులు కొడుతున్నారు. స్టోరులో సరికొలత పేజీ తెరిచింది. ఆమె చివరగా దసరా ముందు పెట్టిన వెర్షను 3.4.1. తెర మీద 3.4.2 అని ఉంది. నిన్న మధ్యాహ్నం మార్చినట్టు కింద తేదీ.

ఆ వెర్షను ఆమె పెట్టలేదు.

మెట్టు మీద కూర్చుండిపోయింది. అంతలోనే ఫోను మోగింది. గిద్దలూరు బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే జీవానందం. పొద్దుటినుంచీ తన మెయిలు దానంతట అదే లాగౌట్ అయిపోతోందనీ, ఏదో తెలియని ఊరి నుంచి ఎవరో లోపలికి వెళ్లినట్టు చూపిస్తోందనీ ఆయన చెప్పాడు. కంప్యూటర్లు తెలిసిన పిల్లవు కదా, ఏమైనా చెప్తావేమోనని చేశానన్నాడు. సరికొలత మీద ఆయనకు అనుమానమే లేదు.

“అన్నా, ముందు సరికొలత తీసేయండి. ఇప్పుడే” అంది భాగ్య.

“ఎందుకు చెల్లెమ్మా?”

“తీసి, పాస్‌వర్డులు మార్చండి. ఎందుకో తర్వాత చెప్తా.”

ఫోను పెట్టేశాక ఆ ‘తర్వాత చెప్తా’ అన్న మాట ఆమెకు గొంతులో ముల్లులా ఉండిపోయింది. లేచి గదిలోకి వెళ్లి ఇద్దరికీ సంగతంతా చెప్పింది.

ప్రభుదాస్ సారు తిట్టలేదు. ముందు వాని చేతిలోని తాళంచెవి లాక్కోమన్నాడు. భాగ్య తన ఖాతాలోకి వెళ్లి, గురువారం తాను ఇచ్చిన అనుమతిని రద్దు చేసి, పాస్‌వర్డు మార్చింది. రెండుసార్లు తప్పు కొట్టింది. ఈలోపు దేవరాజు దొంగ వెర్షనును దించుకుని విప్పి చూశాడు. భాగ్య రాసిన ఫైళ్ల మధ్య ఆమె రాయని ఫైలు ఒకటి ఉంది. బ్రౌజరులో ఏ పేజీ తెరిచినా అందులో టైపు చేసిన పేరూ పాస్‌వర్డూ తీసుకుని ఎక్కడికో పంపుతోంది.

పాత మంచి వెర్షనునే 3.4.3 అని పెట్టి స్టోరుకు పంపారు. స్టోరు వాళ్లకు ఫిర్యాదు కూడా రాశారు. వాళ్లు చూసి ఒప్పుకునేదాకా అది ఎవరికీ చేరదు. గంటలు పట్టవచ్చు, రెండు రోజులైనా పట్టవచ్చు. అంతదాకా మూడు వందల నలభై సెంటర్లలో ఆ దొంగ ఫైలు పని చేస్తూనే ఉంటుంది.

“అన్ని సైట్లకూ అనుమతి అడిగినావు కదమ్మా, సరికొలతకు?” అని సారు మెల్లగా అడిగాడు.

భాగ్య తలూపింది. రెండేళ్ల కిందట ఆయనే చెప్పాడు, అవసరమైన సైట్లకే అనుమతి అడగమని. అట్లా అడిగి ఉంటే, దొంగ వెర్షను మిగతా సైట్లనూ చూడబోయినప్పుడు బ్రౌజరే దాన్ని ఆపి, ఒప్పుకుంటారా అని జనాన్ని అడిగి ఉండేది. చేస్తాను సార్ అంది గానీ చేయలేదు. అన్ని సైట్లకూ ఒకేసారి అడిగితే పని సులువు. ఆ సులువు ఇప్పుడు దొంగకు పనికొచ్చింది.

దేవరాజు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. తన మాట ఒకటేనన్నాడు: కొత్త వెర్షను అందరికీ చేరేదాకా నోరు మెదపొద్దు. నెట్ సెంటర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే సోమవారానికి రాష్ట్రమంతా తెలుస్తుంది. పదకొండు మందిలో ఒక్కడు కూడా మిగలడు. మోసపోయిన మనిషే మోసాల గురించి పాఠం చెప్తుందంటే ఎవరు నమ్ముతారు?

“సర్వీసు సమస్య ఉంది, కొద్దిసేపు సరికొలత తీసేయండి అని పెడదాం. అది అబద్ధం కాదు” అన్నాడు.

“అట్ల పెడితే సగం మంది తీయరు దేవా. ఈరోజు సర్కారు ఉద్యోగాల దరఖాస్తులకు చివరి రోజు. లైన్లు కట్టి ఉంటారు. తీసేస్తే పని ఆగుతుంది. ఎందుకో చెప్పకపోతే ఎవరు తీస్తారు?”

“తీయకుంటే వాళ్ల ఖర్మ.”

“నిజం తెలిసి తీయకుంటే వాళ్ల ఖర్మ. చెప్పకుంటే నా తప్పు.”

దేవరాజు సారు వైపు చూశాడు. సారు సుద్దముక్క కిందపెట్టి చేతులు దులుపుకున్నాడు. ఖాతా ఆమెది, పేరు ఆమెది, తేల్చుకోవలసింది ఆమే అన్నాడు. ఆమె ఏం చేసినా తన పేరు పక్కన ఉంటుందని కూడా అన్నాడు.

భాగ్య కిటికీ దగ్గరికి వెళ్లి నెట్ సెంటర్ల గ్రూపులో మాట రికార్డు చేసింది. రెండుసార్లు చెరిపేసింది. మూడోసారి ఆపకుండా చెప్పేసింది.

“అన్నలారా, అక్కలారా, నేను భాగ్యను. సరికొలత రాసినదాన్ని. గురువారం నాకొక దొంగ మెయిలు వచ్చింది. నిజమనుకొని నేనే నొక్కినాను. దాంతో ఎవరో నిన్న మధ్యాహ్నం సరికొలతలో దొంగ వెర్షను పెట్టినారు. నిన్నటినుంచీ మీరు కొట్టిన పాస్‌వర్డులన్నీ వాళ్లకు పోతాండాయి. పనులు ఆపి ముందు సరికొలత తీసేయండి. తీసినాక పాస్‌వర్డులు మార్చండి. తప్పు నాదే.”

పంపించాక ఫోను బల్ల మీద పెట్టి దూరంగా జరిగింది, అదేదో పేలుతుందన్నట్టు. పేలింది కూడా. కనిగిరి నుంచి ఒకాయన పది నిమిషాలు తిట్టాడు. చివరి రోజున ఈ కర్మ ఏంది, నిన్ను నమ్ముకున్నందుకు మాకిదా అన్నాడు. ఆమె వినింది. పొదిలి నుంచి ఒకామె అసలేమీ అనకుండా, తీసేసినానమ్మా అని పెట్టింది. కొందరు గ్రూపులో నుంచి వెళ్లిపోయారు. జీవానందం ఫోను చేసి, ఇందాకనే చెప్పి ఉండవచ్చు కదా అన్నాడు. ఆ ఒక్క మాట కనిగిరి ఆయన తిట్లకంటే ఎక్కువ గుచ్చుకుంది. అయినా ఆయన దుకాణం మూసి, గిద్దలూరులో మిగతా సెంటర్లకు తానే నడిచి వెళ్లి చెప్పి వచ్చాడు.

గ్రూపులో లేనివాళ్లకు స్టోరు పేజీలోనూ అదే రాసిపెట్టింది. ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకుని, ఆ రికార్డు ఇంకా వినని నంబర్లకు ఒక్కొక్కరికీ చేశారు. సారు పేర్లకు ఎదురుగా గీతలు పెడుతున్నాడు. పన్నెండున్నర అయ్యేసరికి గ్రూపులో గీత పడనివాళ్లు తొమ్మిదిమంది, ఒంటిగంటకు నలుగురు, ఆ తర్వాత ఒక్కరు.

ఆ ఒక్కరు పెద్దదోర్నాల రాజ్ కుమార్. సరికొలతను ఆయనంతగా వాడేవాళ్లు ఇంకొకరు లేరు. శ్రీశైలం రోడ్డు మీద దుకాణం. దరఖాస్తులే కాక, కొండకు పోయే యాత్రికులకు గదులు, బస్సు టికెట్లు అన్నీ ఒక కంపెనీ తనకిచ్చిన ఏజెంటు ఖాతాలో నుంచి బుక్ చేస్తాడు. కార్తీకమాసంలో ఆ దుకాణంలో ఊపిరి పీల్చే తీరిక ఉండదు. ఫోను మోగింది, ఎత్తలేదు. మళ్లీ మోగింది, ఎత్తలేదు. ఆ తర్వాత స్విచాఫ్ అని వచ్చింది. దోర్నాలలో వేరే ఎవరి నంబరూ ముగ్గురి దగ్గరా లేదు.

భాగ్య బస్సు ఎన్నింటికి ఉందో చూస్తోంది. దేవరాజు బండి తాళాలు తీసుకుని మెట్లు దిగాడు. కింద బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. ఆమె పరుగెత్తింది.

కందిచేలూ పత్తిచేలూ దాటి కొండలు దగ్గరయ్యే కొద్దీ సిగ్నలు పోతూ వస్తూ ఉంది. వచ్చినప్పుడల్లా ఆమె రాజ్ కుమార్‌కు చేస్తోంది. స్విచాఫ్. స్టోరు నుంచి కూడా ఏ కబురూ లేదు. ఒకచోట యాత్రికుల బస్సు ఒకటి టైరు పేలి రోడ్డుకు అడ్డంగా ఆగింది. ముందు కార్లు బారులు తీరాయి. దేవరాజు బండిని పక్క చేలోకి దింపి గట్టు వెంబడి ఎగురుకుంటూ తోలాడు. ఆ కుదుపుల్లో ఆమె అతని చొక్కా పట్టుకుని, నిన్నటినుంచీ ఎన్ని ఖాతాలు పోయి ఉంటాయోనని లెక్కవేయబోయి, భయమేసి మానుకుంది.

దోర్నాల చేరేసరికి రెండు దాటింది. హోటళ్ల ముందు బస్సులు, తడిగుడ్డలతో యాత్రికులు, పూరీల వాసన. రాజ్ కుమార్ దుకాణం ముందు ముప్పై మంది దాకా లైను ఉంది. లోపల రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు ఆయన ఉన్నాడు. రెండోదాని కుర్చీ ఖాళీ. దుకాణం బయట హోటలు బెంచీ మీద నలభై ఏళ్ల ఆడమనిషి ఒకామె వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. భాగ్య వాళ్లను దాటుకుని లోపలికి తోసుకుపోయింది.

“లైన్లో రామ్మా” అన్నాడు రాజ్ కుమార్ తలెత్తకుండా.

“అన్నా, నేను సరికొలత భాగ్యను. పొద్దుటినుంచీ ఫోను చేస్తాండాం. ముందు ఆ కంప్యూటరు మీద ఏమీ కొట్టొద్దండి.”

ఆయన తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సరికొలతా వద్దు ఏమీ వద్దు, తన దుకాణమే మునిగిపోయిందన్నాడు. తొమ్మిదింటికి తెరిచి చూస్తే ఏజెంటు ఖాతా పాస్‌వర్డు మారిపోయి ఉంది. అందులో యాత్రికుల గదులకని కట్టిందంతా ఎవరో ఊడ్చేశారు. పొద్దుటినుంచీ జనం గదులేవని మీద పడుతున్నారు. ఆ బాధకే ఫోను కూడా ఆపేశాడు.

“ఆ పాస్‌వర్డు తెలిసింది ఇద్దరికే. నాకూ, ఆ సామ్రాజ్యానికీ” అంటూ గడ్డంతో బయటి బెంచీ వైపు చూపించాడు. “పదేండ్లనుంచీ ఇంట్లో మనిషి లెక్క చూసినా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వాళ్లాయన్ను పిలిపించి చెప్పినా. సాయంత్రంలోగా ఒప్పుకోకుంటే స్టేషనుకు పోతాం.”

భాగ్య వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో నిలబడ్డ దేవరాజు ఆమె కళ్లలోకి చూడలేక బెంచీ వైపు చూశాడు. అక్కడా నిలవలేక చూపు నేలకు దించాడు. పొద్దున అతని మాటే విని ఉంటే, ఇక్కడ ఏం జరిగేదో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

“ఆమె కాదన్నా. నా వల్ల పోయింది” అంది భాగ్య.

లైనులో వాళ్లంతా అటు తిరిగారు. ఆమె గురువారం బస్సు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. రాజ్ కుమార్ నమ్మలేదు. ఆమె నీకు చుట్టమా, ఎందుకు నెత్తిన వేసుకుంటాండావు అన్నాడు. భాగ్య ఆయన కంప్యూటరులోనే సరికొలత పేజీ తెరిచి వెర్షను చూపించింది, అది నిన్న మధ్యాహ్నం దిగిన వేళ చూపించింది. నేను పెట్టింది ఇది కాదంది. అది నీ మాటే కదా, పాస్‌వర్డు ఆమే ఎవరికో అమ్మి ఉండవచ్చు కదా అన్నాడు.

అప్పుడు దేవరాజు ముందుకు వచ్చాడు. జీవానందానికి ఫోను కలిపి, అందరికీ వినపడేటట్టు స్పీకరు పెట్టి, గిద్దలూరులో ఏం జరిగిందో చెప్పమన్నాడు. జీవానందం చెప్పాడు. తన మెయిలు పోయిందన్నాడు. తన వీధిలోనే ఇంకో సెంటరు ఏజెంటు ఖాతా కూడా పోయిందన్నాడు. కనిగిరిలో ఒకటి. అందరూ నిన్నా ఇవ్వాళే, అందరి దగ్గరా సరికొలతే.

“అందరి దుకాణాల్లోనూ సామ్రాజ్యమ్మ పనిచేయదు కదన్నా” అన్నాడు దేవరాజు ఫోను జేబులో పెట్టుకుంటూ.

రాజ్ కుమార్ మౌస్ వదిలేసి కుర్చీ వెనక్కి జరిపాడు. భాగ్య వంగి రెండు కంప్యూటర్లలోనూ సరికొలతను తీసేసింది. తాను నాలుగేళ్లు పెంచినదాన్ని తానే తీస్తున్నప్పుడు ఆమెకు బాధ కలగలేదు. ఏమీ కలగలేదు.

తలెత్తేసరికి సామ్రాజ్యం గుమ్మంలో ఉంది. అంతా విన్నట్టుంది. భాగ్య ఆమె దగ్గరికి వెళ్లి, క్షమించక్కా అనబోయింది. ఆమె చేయి అడ్డం పెట్టింది. ఆమె చూస్తున్నది రాజ్ కుమార్‌ను.

“మా ఆయన్ను పిలిపించి, నేను దొంగనని చెప్పినావు కదన్నా. అదే నోటితో ఇప్పుడు కాదని చెప్పు.”

రాజ్ కుమార్ లేచాడు. లైను దానంతట అదే జరిగి దారి ఇచ్చింది. బయటికి వెళ్లి, ఆటో డ్రైవరు ముందు నిలబడి, తప్పయిపోయింది బావా, ఆమెకేమీ తెలియదు అన్నాడు. గొంతు సరిగా పెగల్లేదు. గట్టిగా చెప్పమని సామ్రాజ్యం అంది. పొద్దున గట్టిగానే అరిచినావు, వీధంతా వినింది అంది. ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి హోటలులో పూరీలు వత్తేవాడు కూడా చేయి ఆపి విన్నాడు.

ఆ తర్వాత ఆమె ఇంటికి పోతుందని అందరూ అనుకున్నారు. కానీ లైనులో ఉన్నవాళ్లను చూసింది. సాయంత్రం ఐదింటికి దరఖాస్తులు మూసేస్తారు. లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చుని, ముందున్న పిల్లను ఫోటో ఇమ్మంది. సరికొలత రాకముందు ఎట్లా చేసేదో అట్లాగే, ఒక్కో ఫోటోనూ చేత్తో తగ్గించడం మొదలుపెట్టింది. భాగ్య ఆమె పక్కన స్టూలు వేసుకుని సంతకాలు తగ్గించి ఇచ్చింది. దేవరాజు రాజ్ కుమార్‌తో కూర్చుని ఏజెంటు కంపెనీకి ఫిర్యాదు రాయించాడు. మూడున్నరకు ప్రభుదాస్ సారు నుంచి ఫోను వచ్చింది. స్టోరు వాళ్లు దొంగ వెర్షనును ఆపేశారట. ఆ మాట వినగానే భాగ్యకు ఏడుపు వచ్చింది. సామ్రాజ్యం చూసి కూడా చూడనట్టు, తర్వాతి సంతకం ఆమె ముందుకు జరిపింది.

ఐదింటికి ఇంకా ముగ్గురు మిగిలిపోయారు. వాళ్ల దరఖాస్తులు పోలేదు. అందులో ఒకతను తర్లుపాడు వైపు వాడే. ఏమీ అనకుండా కాగితాలు మడుచుకుని బస్సెక్కాడు.

సోమవారం నుంచి సామ్రాజ్యం ఆ దుకాణానికి పోలేదు. రాజ్ కుమార్ రెండుసార్లు ఇంటికి వెళ్లి పిలిచాడట, కాఫీ ఇచ్చి పంపించిందట. పోయినదాంట్లో సగమైనా తిరిగి వస్తుందని ఏజెంటు కంపెనీ వాళ్లు అన్నారు గానీ ఎప్పుడని చెప్పలేదు. సరికొలత వాడే సెంటర్లు నూట పదికి పడిపోయాయి. భాగ్య దాన్ని విప్పి, ఫోటోలు పెట్టే సైట్లకు మాత్రమే అనుమతి అడిగేటట్టు మొదటినుంచీ రాసింది. మూడు వారాలు పట్టింది. నాయన జీవాలను తోలుకుపోతూ, ఏంది బిడ్డా తిండి కూడా మరిచినావు అంటే, పాత బాకీ నాయనా అని నవ్వింది.

వెబ్‌సైటు సంగతి సోమవారం బయటికి చెప్పలేదు. పదకొండు మందికీ జరిగింది రాసి పంపారు. నలుగురు తప్పుకున్నారు. దేవరాజు భయపడ్డంత కాలేదు. మిగిలినవాళ్లలో అనంతపురం వైపు అతనొకడు, తనకూ అదే మెయిలు వచ్చిందనీ, తానూ నొక్కాడనీ, అదృష్టం కొద్దీ మర్నాడే కనిపెట్టాడనీ, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదనీ జవాబు రాశాడు. ఆ ఉత్తరం చదివాక ముందు ఏ పేజీ ఉండాలన్న వాదన తెగిపోయింది. మోసాల పేజీ చివరినుంచి మొదటికి వచ్చింది. దాన్ని భాగ్యే రాసింది, తన పేరుతో.

రాశాక ఒక సంగతి తట్టింది. ఆ పేజీ అంతా తయారు చేసేవాళ్ల గురించే ఉంది. యాడ్-ఆన్ దొంగదైపోతే ముందు తెలిసేది దాన్ని రోజూ వాడే మనిషికి. ఆ మనిషి ఏం చూస్తుందో, ఎవరికి చెప్తుందో, చెప్తే ఎవరైనా వింటారో లేదో ఆ పేజీలో లేదు. ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి దోర్నాలకు పోయింది.

సామ్రాజ్యం ఇంటి ముందు అరుగు మీద కందికాయ ఒలుస్తోంది. భాగ్యను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. భాగ్య కూర్చుని తానూ కాయ తీసుకుంది. వచ్చిన పని చెప్పింది. సామ్రాజ్యం ఇంకో దోసెడు కాయలు ఆమె ముందుకు తోసింది.

“శుక్రవారం సాయంత్రమే నాకు తేడా తెలిసింది. పేజీ తెరిచినప్పుడల్లా ఒక క్షణం ఆగి కదిలేది. ముందు అట్ల ఉండేది కాదు. రాజ్ కుమార్ అన్నకు చెప్పినా. నెట్టు స్లోగా ఉందిలే అన్నాడు” అంది సామ్రాజ్యం.

భాగ్య కాయ పక్కన పెట్టి నోట్‌బుక్కు తీసింది. ఇంకేం గమనించిందో అడిగింది. ఒకసారి పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా రెండోసారి అడిగిందనీ, తెరమీద మూలన ఏదో మెరిసి పోయిందనీ, ఇట్లాంటివి ఎవరికి చెప్పాలో తెలియకనే ఊరుకున్నాననీ ఆమె చెప్పింది. చెప్పడానికి ఒక నంబరు ఉండి ఉంటే శుక్రవారమే చేసేదాన్నంది. భాగ్య తల వంచుకుని అంతా రాసుకుంది. ఎనిమిది సంగతులు తేలాయి. వాటిలో నాలుగు ఆమెకు ఎప్పుడూ తట్టనివి.

బస్సు వేళయింది. భాగ్య లేస్తూ, ఆ పేజీలో మీ పేరు పెట్టమంటారా వద్దా, ఆరోజు వీధిలో అంత జరిగింది కదా అని సంకోచిస్తూ అడిగింది.

“పెట్టు. సామ్రాజ్యం, పెద్దదోర్నాల. పదేండ్లు నెట్ సెంటర్లో పనిచేసినామె అని కూడా పెట్టు” అంటూ ఒలిచిన కందులు కొన్ని కాగితంలో పొట్లం కట్టి, వండుకోమని ఆమె చేతిలో పెట్టింది.